ఎలివేషన్ సంగతి తర్వాత

హైదరాబాద్‌లో చాంద్రాయణగుట్ట దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకుంటే బార్కస్, ఎర్రకుంట, షాహీన్‌నగర్ ఒకదాని వెనక ఒకటి వస్తాయి. ఆ దారి పక్కనే, పహాడీ షరీఫ్ గుట్ట మీద బాబా షర్ఫుద్దీన్ దర్గాకు దగ్గర్లో జల్‌పల్లి ఉంది. ఒకప్పుడు చెరువు, పొలాలు, రాతి గుట్టలు ఉన్న ఊరు. 2016లో మున్సిపాలిటీ అయింది. ఇప్పుడు అక్కడ ఏ గల్లీలోకి తిరిగినా ఒక కొత్త ఇల్లు లేస్తూ కనిపిస్తుంది. వాకిట్లో ఇసుక కుప్ప, స్లాబు కింద సెంట్రింగ్ కర్రలు, పైకప్పు మీద రేపటి అంతస్తు కోసం వదిలిన ఇనుప చువ్వలు.

ఈ ఇళ్లలో చాలావాటికి శైలి ఎప్పుడు నిర్ణయమవుతుంది? పునాదులు పడి, పిల్లర్లు లేచి, రెండు స్లాబులూ పడ్డాక. అప్పుడు ఇంటాయన జేబులోంచి ఫోన్ తీసి ఒక ఫొటో చూపిస్తాడు. ‘మేస్త్రీ, ముందర ఎలివేషన్ ఇట్లా రావాలె’ అంటాడు. ఆ ఫొటోలోని ఇల్లు బెంగళూరుదో దుబాయిదో కావచ్చు. దాని ముందు విశాలమైన పచ్చిక ఉంటుంది. ఇక్కడ ఇరవై అడుగుల రోడ్డు, ఎదురుగా ఇంకో ఇల్లు. అయినా ఆ గీతలు, ఆ అద్దాలు, ఆ గోధుమ రంగు షీట్లు వచ్చి గోడకు అతుక్కుంటాయి. అప్పటికే లోపల గదులన్నీ ఖాయమైపోయాయి. ఏ కిటికీ ఎటు తెరుచుకోవాలో, ఎండ ఏ గోడను కాల్చాలో, గాలి ఎక్కడ ఆగిపోవాలో తేలిపోయింది. శైలి పేరుతో ఇప్పుడు ఎంచుకునేది పైపూత మాత్రమే.

ఇంటి శైలి అనే మాటను ఈ పైపూతకు వదిలేయడం జల్‌పల్లి లాంటి చోట పెద్ద నష్టం. ఎందుకంటే శైలిని లోపలి నుంచి మొదలుపెట్టి ఆలోచించిన సంప్రదాయం పక్కనున్న పాతబస్తీదే. దాని మంచి నమూనాలు ఆటోలో వెళ్లి చూసి రాగలిగినంత దగ్గర్లో ఉన్నాయి.

ముందుగా స్తంభాల సంగతి. షాహీన్‌నగర్, జల్‌పల్లి గల్లీల్లో గేటుకు అటూ ఇటూ పైన ఆకుల చెక్కడం ఉన్న గుండ్రటి స్తంభాలు తరచూ కనిపిస్తాయి. గ్రీకు, రోమన్ కట్టడాల నుంచి ఇంగ్లండు మీదుగా వచ్చిన ఈ మోజుకు హైదరాబాద్‌లో రెండు వందల ఏళ్ల వయసుంది. కోఠిలోని రెసిడెన్సీ భవనం, అంటే నిన్నమొన్నటి దాకా కోఠి మహిళా కళాశాలగా అందరికీ తెలిసిన భవనం, 1803 ప్రాంతంలో మొదలైంది. నిజాం దర్బారులో ఈస్టిండియా కంపెనీ ప్రతినిధి జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. గీసింది మద్రాస్ ఇంజినీర్లకు చెందిన శామ్యూల్ రస్సెల్. ముందు భాగంలో దాదాపు నలభై అడుగుల స్తంభాలు, వెడల్పాటి మెట్లు, అటూ ఇటూ సింహాలు. మూసీ ఒడ్డున పెద్ద తోట మధ్య నిలబెట్టిన ఆ ముఖభాగానికి ఒక పని ఉంది. దూరం నుంచి వచ్చేవాడికి కంపెనీ బలం కనిపించాలి. దానికి దూరం కావాలి, ఖాళీ స్థలం కావాలి.

అదే ఆవరణలో కిర్క్‌పాట్రిక్ తన భార్య ఖైరున్నీసా కోసం రంగ్ మహల్ అనే జనానా, అంటే ఆడవాళ్ల నివాసం, కట్టించాడు. అది బయటికి ముఖం లేని ఇల్లు, గోడల లోపల తోటలోకి తెరుచుకునే ఇల్లు. పర్దాలో ఉండే ఆమె ముందువైపుకు వచ్చి తన భర్త కట్టిన మేడను చూడలేదు గనుక, దాని చిన్న నమూనాను జనానా తోటలో కట్టించి చూపించాడని చెప్పుకుంటారు. రంగ్ మహల్ తర్వాతి కాలంలో కూల్చివేతకు గురైంది. ఆ చిన్న నమూనా మాత్రం మిగిలింది. ఊరంతా చూడాల్సిన ఆఫీసుకు ఒక శైలి, మనుషులు బతకాల్సిన ఇంటికి ఇంకో శైలి అని ఆ ఆవరణే విడదీసి చూపించింది. ఈరోజు ఇల్లు కట్టేవాళ్లు ఆ రెండోదాన్ని మరిచిపోయి మొదటిదాని స్తంభాలు మాత్రం తెచ్చుకుంటున్నారు. ఇరవై అడుగుల గల్లీలో ఆ స్తంభాన్ని నిండుగా చూడాలంటే ఎదురింటివాళ్ల మేడ ఎక్కాలి.

మోజు మీద కట్టిన పెద్ద ఇంటికి జల్‌పల్లికి దగ్గర్లోనే సాక్ష్యం ఉంది. ఫలక్‌నుమా. పాయెగా వంశపు నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేయించి ఇటలీ, ఇంగ్లండు శైలులు కలిపి గుట్ట మీద కట్టించిన మహలు అది. పూర్తవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అంతటి నవాబు, తర్వాత హైదరాబాద్‌కు ప్రధానమంత్రి అయినవాడు, ఆ ఇంటి ఖర్చుకు అప్పుల్లో పడ్డాడు. 1890ల చివర్లో అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ చేతికి వెళ్లింది. 2010 నుంచి హోటల్‌గా నడుస్తోంది.

ఇంకొకటి నౌబత్ పహాడ్ పక్కన హిల్‌ఫోర్ట్ ప్యాలెస్. కేంబ్రిడ్జిలో ట్రినిటీ కాలేజీలో చదివి వచ్చి, హైదరాబాద్‌లో న్యాయమూర్తిగా పనిచేసిన సర్ నిజామత్ జంగ్ 1915లో తన కాలేజీ పోలికలతో ఆ ఇల్లు కట్టుకున్నాడు. బురుజులూ కోట గోడ పళ్లూ పెట్టుకున్నాడు. పరాయి దేశంలో యవ్వనం గడిపినవాడికి ఆ కట్టడాల మీద ప్రేమ ఉండటం సహజం. 1929లో ఆ ఇల్లు నిజాంకు అమ్ముడుపోయింది. తర్వాత చాలాకాలం రిట్జ్ హోటల్ అయింది, ఆ తర్వాత తలుపులు మూతపడ్డాయి.

జ్ఞాపకంతో ఇల్లు కట్టుకోవాలనే కోరిక జల్‌పల్లివాళ్లకూ ఉంది. నిజాం సైన్యంలో పనిచేసిన యెమెన్ అరబ్బుల సంతతి బార్కస్‌లో స్థిరపడింది. ఆ చుట్టుపక్కల ఎన్నో కుటుంబాల్లో ఒకరో ఇద్దరో జెద్దాలోనో దుబాయిలోనో షార్జాలోనో పదేళ్లు, ఇరవయ్యేళ్లు పనిచేసి పంపిన డబ్బుతోనే ఇల్లు లేస్తుంది. వాళ్లు తెచ్చుకునే ‘దుబాయ్ ఎలివేషన్’లో నీలి అద్దం, మెరిసే అల్యూమినియం షీట్లు ఉంటాయి. ఆ అద్దాల మేడలు అక్కడ పగలూ రాత్రీ ఏసీ మీదే బతుకుతాయి. ఏసీ రాకముందు గల్ఫ్ ఎలా బతికింది? దుబాయి వాగు ఒడ్డున అల్ ఫహీదీ పాత పేటలో ఇళ్లు నేటికీ నిలిచి ఉన్నాయి. నడుమ ఖాళీ వాకిలి, దాని చుట్టూ గదులు, పైన గాలిని పట్టి కిందికి దించే చతురస్రపు బురుజులు. జెద్దా పాత పట్నం అల్ బలద్‌లో పగడపురాతి మేడలకు కొయ్యతో అల్లిన జాలీ కిటికీలు గోడ బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. గాలి వస్తుంది, లోపలి మనిషి బయటివాడికి కనబడదు. ఆ పట్నాన్ని 2014లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. గల్ఫ్ మీద ప్రేమతో కట్టేవాళ్లు తెచ్చుకోవాల్సిన శైలి అది. అది మన ఎండకూ సరిపోతుంది, మన పర్దాకూ సరిపోతుంది.

అంత దూరం పోనక్కర్లేదు కూడా. పాతబస్తీ దేవిడీ అదే పని చేసింది.

దేవిడీ అంటే రోడ్డు మీద ఎత్తైన దర్వాజా, గోడ. లోపలికి పోతే ఆకాశం కనిపించే సెహన్. దాని చుట్టూ కమానుల వరండాలు, అంటే దాలాన్‌లు, వాటి వెనక గదులు. మగవాళ్లు, అతిథులు కూర్చునే దీవాన్‌ఖానా ముందు, జనానా వెనక. ఒక సెహన్ నుంచి ఇంకో సెహన్‌లోకి నేరుగా చూపు పోదు, నడవ మలుపు తిరుగుతుంది. అదే పద్ధతి రాజుల స్థాయిలో ఎలా ఉంటుందో చౌమహల్లాలో చూడొచ్చు. 1750 ప్రాంతంలో మొదలై నిజాం అఫ్జలుద్దౌలా కాలంలో, అంటే 1857-1869 మధ్య పూర్తయిన ఆ ప్యాలెస్‌కు బయటి నుంచి గొప్ప ముఖభాగమంటూ లేదు. దాని వైభవమంతా వాకిళ్లలోకి తిరిగి ఉంది. మరమ్మతులు చేసి నిలబెట్టినందుకు 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం కూడా వచ్చింది. టికెట్టు కొని లోపలికి పోయినవాళ్లు షాండ్లియర్లు చూసి వస్తారు. ఇల్లు కట్టబోయేవాళ్లు మాత్రం మే నెల మధ్యాహ్నం అక్కడి వరండాలో నీడ పట్టున కాసేపు నిలబడి, ఆ పైకప్పు ఎంత ఎత్తుందో, వరండా ఎంత లోతుందో కొలిచి రావాలి.

ఇక జాలీ పని చూడాలంటే సంతోష్‌నగర్ దగ్గర పిసల్‌బండలో పాయెగా సమాధులున్నాయి. 1787 నుంచి ఆ వంశంవారిని ఖననం చేసిన చోటు. సున్నపు గచ్చులో, పాలరాతిలో తీర్చిన జాలీలు అక్కడ గోడలకు గోడలే ఉన్నాయి. నక్షత్రాలు, ఆరుకోణాలు, తీగలు ఎన్నో రకాల్లో. ఆ పని చేసింది మన మేస్త్రీల పూర్వీకులే. మేస్త్రీని వెంటబెట్టుకుని పోయి ‘ఉస్తాద్, పడమటి గోడకు ఇట్లాంటిది సిమెంటులో పోయగలవా’ అని అడగవచ్చు. ఫోన్ ఫొటో కన్నా ఆ అడగడంలో ఎక్కువ ఫలితం ఉంది.

పడమటి గోడ అని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. హైదరాబాద్ ఉన్న అక్షాంశం వల్ల మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి ఉంటాడు. కాబట్టి మండే ఎండాకాలంలో దక్షిణపు గోడకు మధ్యాహ్నం ఎండ తగలదు. కిటికీ మీద చిన్న చజ్జా చాలు. శీతాకాలంలో మాత్రం సూర్యుడు దక్షిణానికి వంగి గదిలోకి వెచ్చగా వస్తాడు, అది కావాల్సిందే. అసలు పోరు పడమరతో. మే నెలలో సాయంత్రం 4 గంటలకు సూర్యుడు నేలకు ఇంచుమించు 36 డిగ్రీల ఎత్తులో ఉంటాడు. అప్పుడు పడమటి కిటికీ మీద రెండడుగుల చజ్జా వేస్తే అడుగున్నర కింది దాకా కూడా నీడ పడదు. కిటికీ మిగతాదంతా ఎండే. చజ్జాతో ఆగని ఆ ఏటవాలు ఎండను ఆపేవి నిలువు అడ్డాలు, జాలీలు, లోతైన వరండా, లేదా అక్కడ కిటికీయే లేకుండా మెట్లూ స్నానాలగదీ స్టోరూ పెట్టడం. పడమటి ముఖం ఇంటికి రోడ్డు వైపంతా అద్దం పెట్టే ఎలివేషన్ ఫొటోలో ఎంత బాగున్నా ఈ లెక్క ముందు నిలవదు.

ఇంతలో ఒక చిక్కు. వానాకాలపు గాలి వచ్చేదీ ఆ పడమర, నైరుతి నుంచే. గోడ పూర్తిగా మూసేస్తే గాలీ పోతుంది. జాలీ గొప్పదనం ఇక్కడే. ఎండను ముక్కలు చేసి ఆపుతుంది, గాలిని వదులుతుంది.

దేవిడీల వాళ్లకు ఎకరాలుండేవి, మాకు 150 గజాలే కదా అంటారు ఎవరైనా. న్యాయమైన ప్రశ్న, లెక్క వేసి జవాబు చెప్పాలి. 30 అడుగుల వెడల్పు, 45 అడుగుల లోతు ఉన్న ప్లాటు తీసుకుందాం. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో వచ్చిన 168వ నంబరు భవన నిబంధనల జీవో పట్టిక ప్రకారం ఇంత చిన్న ప్లాటులో ముందు మీటరున్నర, మిగతా మూడు పక్కలా ఒక్కో మీటరు వదలాలి. అవి పోగా ఇంటికి మిగిలేది ఒక అంతస్తుకు సుమారు 860 చదరపు అడుగులు. అందులో నడుమ 8 అడుగులకు 10 అడుగుల ఆంగన్, అంటే చిన్న సెహన్, పెడితే పోయేది 80 చదరపు అడుగులు, పదో వంతు కన్నా తక్కువ. దానికి బదులుగా వచ్చేదేమిటంటే, ప్రతి గదికీ రెండు వైపుల నుంచి వెలుతురు. వంటగది పొగ పోయే దారి. ఆడవాళ్లు, పిల్లలు ఎదురింటి కిటికీల చూపు పడకుండా ఆకాశం కింద కూర్చునే చోటు.

ఈ ఇళ్లలో ఎక్కువ భాగం రెండు పక్కలా పొరుగు గోడలు దగ్గరగా ఉన్నవి. మీటరు సందులో నుంచి పక్క కిటికీలకు వచ్చే వెలుతురు తక్కువ, పైగా పొరుగువాళ్ల మాటలు, చూపులు. అందుకే ఆ కిటికీలకు పరదాలు కట్టి పగలే లైట్లు వేసుకుంటారు. ఆంగన్ ఇల్లు ఆ అవసరాన్నే తీసేస్తుంది.

నడుమ పెట్టడం కుదరకపోతే ఇంకో దారి ఉంది. ఇంటి పక్క గోడను ఒకచోట ఆరడుగులు లోపలికి నొక్కితే, అది పక్కన వదిలిన మీటరుతో కలిసి తొమ్మిది అడుగుల వాకిలి అవుతుంది. పొరుగింటి వైపు జాలీ గోడ ఎత్తవచ్చు. కొలంబోలో శ్రీలంక వాస్తుశిల్పి జెఫ్రీ బావా తన సొంత ఇంటిని ఇలాంటి ఇరుకులోనే కట్టుకున్నాడు. ఒక సందులో వరసగా ఉన్న నాలుగు చిన్న ఇళ్లను 1950ల చివరి నుంచి పదేళ్లలో ఒక్కొక్కటిగా కొని కలిపాడు. బయటికి తెల్లటి గోడే. లోపల చిన్న చిన్న వాకిళ్లు, నీళ్ల తొట్లు, మొక్కలు. ఆ ఇంటిని చూడటానికి ఇప్పుడు దేశదేశాల నుంచి వస్తారు.

ఆంగన్ వల్ల కష్టాలూ ఉన్నాయి, దాచనక్కర్లేదు. కింది భాగం అద్దెకిచ్చే కుటుంబాలకు ప్రతి అంతస్తులో 80 చదరపు అడుగులు వదులుకోవడం బరువే. పైగా ఒకే ఆంగన్‌ను అద్దెవాళ్లతో పంచుకోవడమంటే ఇంటి గుట్టు పంచుకోవడమే. అలాంటప్పుడు కింది అంతస్తును పూర్తిగా కప్పేసి, ఇంటివాళ్లు ఉండే పై అంతస్తు నుంచి ఆంగన్ మొదలుపెట్టడం మేలు. దొంగలు, పిల్లుల కోసం పైన ఇనుప గ్రిల్ తప్పదు. దోమల జాలీ గదుల కిటికీలకు పెట్టాలి. వాన నీటికి వాలు, జాలీ మూత, పైపు సరిగా లేకపోతే మొదటి పెద్ద వానకే గదుల్లోకి నీళ్లొస్తాయి. ఆ పైపును ఇంకుడు గుంతకు కలిపితే నీళ్లూ దక్కుతాయి. అన్నిటికన్నా పెద్ద తప్పు మాత్రం వానకు భయపడి పైన ప్లాస్టిక్ షీటు బిగించడం. అప్పుడు ఆంగన్ వేడిని పట్టి ఉంచే పెట్టె అవుతుంది. కప్పాల్సివస్తే షీటును గోడల మీద కనీసం రెండడుగులు ఎత్తి, చుట్టూ గాలి పోయేలా వదలాలి.

నడుమ ఆకాశం ఉన్న ఇల్లు ముస్లింల ఇల్లనో నవాబుల ఇల్లనో అనుకుంటే పొరపాటు. గోదావరి జిల్లాల మండువా లోగిలి అదే, తెలంగాణ పల్లెల భవంతి అదే. నాలుగు వైపులా పెంకుల వాలు లోపలికి దిగి, వాన నడుమ తొట్టిలో పడేది. రాయలసీమ మిద్దెకు దళసరి మట్టి కప్పు, మందపాటి గోడలు. ఉత్తరాంధ్ర చుట్టిల్లు తుపాను గాలికి మూల దొరకనివ్వని గుండ్రటి గోడ. ప్రతిదీ తన ఊరి ఎండవానల్ని చూసుకుని పుట్టింది. ఇప్పుడు పోర్టికో మీద నాలుగు వరసల పెంకులు పేర్చి ‘ట్రెడిషనల్’ అంటున్నారు. దాని కింద కాంక్రీటు స్లాబే ఉంటుంది, దాని నడుమ మండువా ఉండదు. పెంకులు వదిలేసినా ఫర్వాలేదు, మండువా ఉంటే అది తెలుగు ఇల్లే.

మరి పరాయి శైలి ఏదీ వద్దా? అలా అనడానికి హైదరాబాద్ చరిత్ర ఒప్పుకోదు. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ కట్టే ముందు ఏడో నిజాం ప్రభుత్వం నవాబ్ జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరిని ప్రపంచం చుట్టి రమ్మని పంపింది. యూరప్, అమెరికా, జపాన్, టర్కీ, ఈజిప్టు విశ్వవిద్యాలయాలు చూసి వచ్చారు. ఈజిప్టులో పనిచేస్తున్న బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్‌ను కలిసి గీయించారు. 1939లో ప్రారంభమైన ఆ గ్రానైటు భవనంలో అజంతా, ఎల్లోరా స్తంభాల పోలిక, ఇస్లామీ కమాను, కొత్త కాలపు సూటిదనం కలిసిపోయాయి. ఎక్కడా అతికించినట్టు ఉండదు. కారణం, ఏ ముక్కను ఎందుకు తీసుకుంటున్నామో తెలిసి తీసుకున్నారు. రాయి ఈ నేలదే.

ఇళ్లలో అలాంటి మంచి కలయిక 1930ల నుంచి 1950ల దాకా హిమాయత్‌నగర్, బషీర్‌బాగ్, సికింద్రాబాద్ వైపు వచ్చిన ఆర్ట్ డెకో. గుండ్రటి బాల్కనీ మూలలు, మెట్ల దగ్గర నిలువు కిటికీ, ముఖభాగం మీద ఇంటి పేరూ సంవత్సరమూ పోతపోసిన అక్షరాలు. అది విదేశీ ఫ్యాషనే. కానీ అప్పుడే వచ్చిన కాంక్రీటును వాడుకుని ప్రతి కిటికీ మీదుగా చుట్టూ తిరిగే చజ్జా ఇచ్చింది. ఆ చజ్జా వల్ల గోడలకు నీడ దక్కింది, అందమూ దక్కింది. కొత్త శైలి కావాలనుకునే యువ దంపతులు ఫోన్ ఫొటోల కన్నా ముందు ఆ వీధుల్లో ఒక ఆదివారం తిరగడం మంచిది, ఆ ఇళ్లు ఒక్కొక్కటిగా అపార్ట్‌మెంట్లు అయిపోకముందే.

ఇంటి ప్లానును మలిచే మరో రెండు బలమైన సంగతులున్నాయి. ముస్లిం కుటుంబాలకు ఖిబ్లా, అంటే నమాజు చేసే దిక్కు. హైదరాబాద్ నుంచి అది పడమర నుంచి ఉత్తరానికి దాదాపు 13 డిగ్రీలు ఒరిగి ఉంటుంది. కమోడ్ అటు ముఖంగానో వీపుగానో ఉండకుండా ఉత్తర దక్షిణాలుగా పెట్టిస్తారు. హిందూ కుటుంబాలకు వాస్తు. ఈ రెండిటినీ ప్లాను గీసేవాడికి మొదటి రోజే చెప్పాలి. పైపులు వేశాక చెబితే ఇల్లు కుట్లు పడిన ఇల్లు అవుతుంది.

గోడ దేనితో కడతామన్నదీ శైలిలో భాగమే. కేరళలో స్థిరపడిన లారీ బేకర్ ఇటుకల్ని పక్కకు నిలబెట్టి నడుమ బోలు వచ్చేలా పేర్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. ఇటుకలు పావు వంతు దాకా ఆదా, నడుమ గాలి ఉండటంతో వేడి లోపలికి ఆలస్యంగా వస్తుంది. ప్లాస్టరింగ్ లేకుండా ఇటుకనే చూపించాడు. అంటే ఆయన ఇంటికి విడిగా ఎలివేషన్ అక్కర్లేదు. జల్‌పల్లిలో పిల్లర్ల ఇల్లే వాడుక గనుక గోడలు బరువు మోయవు. అక్కడ తేలికపాటి ఏఏసీ బ్లాకులు పడమటి గోడకు పెడితే గట్టి సిమెంటు ఇటుక కన్నా వేడి బాగా తగ్గుతుంది. నేలకు తాండూరు, షాహాబాద్ బండలు దగ్గర్లో దొరికేవి. అరికాలికి చల్లగా ఉంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ నిగ్గు తేలుతాయి. ముఖభాగం మీద అల్యూమినియం షీట్లకు పెట్టే డబ్బును జాలీలకు, మంచి కిటికీ చెక్కకు మళ్లించినవాళ్లు ఎక్కువ సుఖపడతారు.

పైకప్పు మాట విడిగా చెప్పాలి. రెండంతస్తుల ఇంట్లో ఎండ ఎక్కువ తాగేది స్లాబే. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. 600 గజాలు, ఆ పైన ఉన్న నివాస ప్లాట్లకు అది తప్పనిసరి, అంతకు తక్కువైతే ఇష్టం. 150 గజాలవాళ్లు ఇష్టపడి చేయాల్సిన పని అది. తెల్లటి ప్రత్యేక పూతో, తెల్ల టైల్సో, మామూలు సున్నమో అయినా సరే. మాదాపూర్ వైపు ఉన్న సీఐఐ సొహ్రాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌కు అమెరికా బయట ప్రపంచంలోనే మొదటి లీడ్ ప్లాటినం హరిత భవన గుర్తింపు వచ్చింది. కరణ్ గ్రోవర్ గీసిన ఆ భవనంలో ఉన్నవేమిటి? నడుమ వాకిలి, జాలీ గోడలు, గాలి బురుజులు, కప్పు మీద తోట. 2004లో ప్రారంభమైన ఆధునిక భవనం పాతబస్తీ దేవిడీ పరికరాలనే మళ్లీ చేతికి తీసుకుంది.

శైలికీ చెరువుకూ సంబంధమేమిటని అనిపించవచ్చు. జల్‌పల్లిలో ఉంది. 2020 అక్టోబరు వానలకు బుర్హాన్‌ఖాన్ చెరువు పొంగి ఉస్మాన్‌నగర్ ఇళ్లు నెలల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఎంత ఖర్చు పెట్టిన ఎలివేషన్ అయినా కింది అంతస్తు నీళ్లలో ఉంటే ఏం చేస్తుంది? పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుల హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుల నుంచి 9 మీటర్లు వదలాలని నిబంధన. ప్లాటు కొనేముందే ఆ హద్దు మ్యాపులో చూసుకోవాలి. హద్దుకు బయటే ఉన్నా పల్లపు గల్లీల్లో అరుగు ఎత్తుగా ఉండాలి. పాత ఇళ్లకు రోడ్డు నుంచి నాలుగైదు మెట్లెక్కి పోయే చబూత్రా ఉండేది. రోడ్డు వేసిన ప్రతిసారీ రెండంగుళాలు పెరిగే ఊళ్లో ఆ చబూత్రా మళ్లీ రావాల్సిన ముక్క.

పైకప్పు మీద వదిలిన చువ్వల గురించి చివరగా. జల్‌పల్లిలో చాలా ఇళ్లు ఒకేసారి పూర్తవ్వవు. ఒక అంతస్తు, కొడుకు గల్ఫ్ వెళ్లాక ఇంకొకటి, కూతురి పెళ్లయ్యాక మరో గది. ఇండోర్‌లో బాలకృష్ణ దోషీ రూపొందించిన అరణ్య కాలనీ ఈ నిజాన్నే పునాదిగా తీసుకుంది. పేద కుటుంబాలకు చిన్న ప్లాటు, నీళ్లు, మరుగుదొడ్డి, ఒక గది ఇచ్చి, మిగతాది వాళ్లే పెంచుకునేలా ప్లాను ముందే సిద్ధం చేశాడు. మెట్లు ఎక్కడ వస్తాయో, బాల్కనీ ఎటు పెరుగుతుందో నిర్ణయించి ఉంచాడు. దానికి 1995లో ఆగాఖాన్ పురస్కారం వచ్చింది. ఇక్కడా అదే చేయాలి. మూడో అంతస్తు వచ్చినా ఆంగన్ మూతపడకుండా, మెట్లు బయటి నుంచి ఎక్కేలా మొదటి ప్లానులోనే గీయించాలి.

ఆ ప్లాను ఎవరు గీయాలి? 1972 చట్టం కింద కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో నమోదైనవాళ్లే ఆర్కిటెక్ట్ అని చెప్పుకోగలరు. నంబరు అడగవచ్చు. అనుమతి కోసం గీసే కాగితం వేరు, ఇల్లు ఆలోచించి గీసే కాగితం వేరు. తెలంగాణలో 2020లో వచ్చిన భవన అనుమతుల చట్టంతో 500 చదరపు మీటర్ల లోపు ప్లాటులో 10 మీటర్ల ఎత్తు లోపు ఇళ్లకు స్వీయ ధ్రువీకరణ మీద వెంటనే అనుమతి వచ్చే పద్ధతి మొదలైంది. అనుమతి త్వరగా వస్తోంది గనుక మిగిలిన ఆ వారాలను రెండో కాగితానికి ఇవ్వవచ్చు. మేస్త్రీ ప్లాటు మీద ముగ్గు పోసిన రోజున పునాదులు తవ్వడం ఒక్కరోజు ఆపి, ఇంట్లో వాళ్లందరూ సాయంత్రం 4 గంటలకు అక్కడికి పోవాలి. హాలని గీసిన గడిలో నిలబడి ఎండ ఎటు నుంచి పడుతోందో, ఎదురింటి ఏ కిటికీ నుంచి చూపు వస్తోందో, ఆంగన్ గీతలో ఎవరు కూర్చుంటారో చూసుకోవాలి. ముగ్గు గీతను అడుగు జరపాలంటే ఆ పూటకు ఒక బొచ్చెడు సున్నం చాలు.